డెల్టా సున్నా చేశాక ఇంకా మిగిలే రిస్క్: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

ఆప్షన్ అంటే ఒక షేరును ముందే అనుకున్న ధరకు (స్ట్రైక్), ఒక గడువు తేదీకి (ఎక్స్‌పైరీ) కొనే లేదా అమ్మే హక్కు. కొనే హక్కు కాల్, అమ్మే హక్కు పుట్. ఆప్షన్లు అమ్మి, వాటికి ఎదురుగా షేర్లు కొని పెట్టుకుంటే ధర ఎటు కదిలినా ఫర్వాలేదని మీలో చాలామంది అనుకుంటారు. అందులో సగమే నిజం. చిన్న కదలికలకైతే ఫర్వాలేదు. ఎంత చిన్న కదలిక, ఎంతసేపు, ఎంత ఖర్చుతో అన్నది లెక్క వేస్తేగానీ తెలియదు. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని చదవండి. ప్రతి అంకె మీరే వేసి చూసుకోవాలని నా కోరిక.

డెల్టా అంటే షేరు ధర 1 పెరిగితే ఆప్షన్ ధర ఎంత మారుతుందో చెప్పే అంకె. కాల్‌కి అది 0కీ 1కీ మధ్య ఉంటుంది, పుట్‌కి 0కీ మైనస్ 1కీ మధ్య. షేరు డెల్టా ఎప్పుడూ 1. మీరు అమ్మినదానికి గుర్తు తిరగబడుతుంది.

ఉదాహరణ తీసుకుందాం. షేరు ధర 100, స్ట్రైక్ 100, ఎక్స్‌పైరీకి 30 రోజులు, వొలటాలిటీ (ధర ఎంత ఊగుతుందో చెప్పే కొలత) ఏడాదికి 20 శాతం. వడ్డీ, డివిడెండ్ లేవనుకోండి. ఆప్షన్ ధర లెక్కగట్టే బ్లాక్-షోల్స్ సూత్రంలో వేస్తే కాల్ ధర 2.287, డెల్టా 0.511 వస్తాయి. కాంట్రాక్టుకి 100 చొప్పున 10 కాంట్రాక్టులు అమ్మారు, అంటే 1,000 కాల్స్. చేతికొచ్చిన ప్రీమియం, అంటే ఆప్షన్ల ధర, 2,287. మీ డెల్టా మైనస్ 511. దాన్ని సున్నా చేయాలంటే 511 షేర్లు కొనాలి. కొన్నారు.

ఇప్పుడు ధర ఒక్కసారిగా 101కి వెళ్లింది. కాల్ ధర 2.833 అయింది. అమ్మిన కాల్స్ మీద నష్టం 546, షేర్ల మీద లాభం 511. నికరంగా 35 పోయింది. సరే, పైకి కాకుండా 99కి దిగిందనుకోండి. కాల్ 1.811కి వస్తుంది. కాల్స్ మీద 476 లాభం, షేర్ల మీద 511 నష్టం. మళ్లీ 35 పోయింది. ఎటు వెళ్లినా పోయేది దాదాపు అంతే. ఈ రెండు లెక్కలూ అర్థమైతే మిగతాదంతా సులువు.

ఎందుకలా పోతోంది? ధర కదలగానే డెల్టా కూడా కదిలిపోతుంది కాబట్టి. 101 దగ్గర కాల్ డెల్టా 0.580, 99 దగ్గర 0.442. మీ దగ్గరున్న 511 షేర్లు 100 దగ్గరే సరైన సంఖ్య. డెల్టా ఇలా మారే వేగమే గామా. మన ఉదాహరణలో 1,000 కాల్స్‌కి గామా సుమారు 69.5, అంటే ధర 1 కదిలితే డెల్టా దాదాపు 70 మారుతుంది. పోయే మొత్తం గామాలో సగాన్ని కదలిక వర్గంతో గుణిస్తే వస్తుంది. కదలిక 1 అయితే 35. కదలిక 3 అయితే మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లు, అంటే 300 పైనే. ఈ వర్గం వల్లే డెల్టా హెడ్జ్ (ఇలా ఎదురు షేర్లతో డెల్టాను సున్నా చేసుకునే రక్షణ) చిన్న కదలికలకు కాపు కాస్తుంది, పెద్దవాటికి చాలదు.

మరి ఎటు కదిలినా పోతుంటే ఆప్షన్లు అమ్మేవాడికి మిగిలేదేమిటి? రోజులు. ఒక రోజు గడిస్తే ఈ కాల్స్ విలువ సుమారు 38 తగ్గుతుంది, అది అమ్మినవాడికి లాభం. దీన్నే థీటా అంటారు. రోజుకి 38 వస్తోంది, ధర 1 కదిలితే 35 పోతోంది. ధర 1.05 కదిలిన రోజు రెండూ సరిసమానమవుతాయి. ఆ 1.05 ఊరికే రాలేదు. ఏడాదికి 20 శాతం వొలటాలిటీని 365 వర్గమూలంతో భాగిస్తే రోజుకి 1.05 శాతం. అంటే డెల్టా సరిచేసుకున్నాక మీరు పందెం కాస్తున్నది ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్నదాని మీద కాదు, అమ్మిన ధరలో ఉన్న 20 శాతం కంటే షేరు ఎక్కువ కదులుతుందా తక్కువ కదులుతుందా అన్నదాని మీద. ఆప్షన్లు కొని ఎదురుగా షేర్లు అమ్మినవాడికి ఇదంతా తిరగబడుతుంది: కదలికలు లాభం, రోజులు నష్టం.

ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ 1973లో ప్రచురించిన సూత్రం పుట్టింది కూడా ఈ హెడ్జ్ ఆలోచన నుంచే. డెల్టాను క్షణక్షణం సరిచేస్తూ పోతే రిస్క్ మిగలదు, కాబట్టి ఆప్షన్‌కి ఒకే ధర ఉండాలన్నది వాళ్ల వాదన. ఆ పనికి 1997లో షోల్స్‌కీ, ఆ సిద్ధాంతాన్ని విస్తరించిన రాబర్ట్ మెర్టన్‌కీ నోబెల్ ఇచ్చారు. బ్లాక్ అప్పటికే, 1995లో, చనిపోయారు. ఆ వాదనలో మూడు షరతులున్నాయి: ఆగకుండా సరిచేయగలగాలి, సరిచేయడానికి ఖర్చు ఉండకూడదు, ధర దూకకూడదు. నిజమైన మార్కెట్లో మూడూ ఉండవు. మీకు ఎదురయ్యే కష్టాలన్నీ ఈ మూడింటి దగ్గరే మొదలవుతాయి.

చాలా ఆప్షన్లు కలిసి ఉన్నప్పుడు ముందు చేయాల్సింది కూడిక. పైన అమ్మిన 10 కాల్ కాంట్రాక్టులు మైనస్ 511. వాటితో పాటు డెల్టా మైనస్ 0.30 ఉన్న పుట్లు 3 కాంట్రాక్టులు కొన్నారు: మైనస్ 90. డెల్టా మైనస్ 0.25 ఉన్న పుట్లు 4 కాంట్రాక్టులు అమ్మారు: ప్లస్ 100. మొత్తం మైనస్ 501, కాబట్టి 501 షేర్లు కొనాలి. కొత్తవాళ్లు తరచూ తప్పేది ఆ అమ్మిన పుట్ల దగ్గర. గుర్తు మార్చడం మరిచి మైనస్ 100 వేస్తే మొత్తం మైనస్ 701 వస్తుంది, 701 కొంటారు. హెడ్జ్ అనుకుంటూ 200 షేర్లు ఎక్కువ పట్టుకుని కూర్చుంటారు. రెండో తప్పు, కాంట్రాక్టుకి 100తో గుణించడం మరిచిపోవడం. ఇది పెద్ద తప్పే అయినా వెంటనే కనిపిస్తుంది. గుర్తు తప్పు అలా కనిపించదు, అందుకే అది ఎక్కువ ప్రమాదం.

ఇంకో మాట. రెండు వేర్వేరు కంపెనీల షేర్ల డెల్టాలను అలాగే కూడకండి. 100 ధర ఉన్న షేరులో 500 డెల్టా అంటే విలువ 50,000. 2,000 ధర ఉన్న షేరులో 50 డెల్టా అంటే 1,00,000. ముందు డెల్టాను ధరతో గుణించి విలువలోకి మార్చాలి. ఇండెక్స్ ఫ్యూచర్స్‌తో (సూచీని ముందు తేదీకి కొనే, అమ్మే ఒప్పందాలు) హెడ్జ్ చేస్తుంటే బీటాతో, అంటే సూచీ 1 శాతం కదిలితే షేరు ఎంత శాతం కదులుతుందో చెప్పే అంకెతో, కూడా గుణించాలి. అప్పుడు కూడా ఒక కంపెనీ వార్త వల్ల వచ్చే కదలికను ఇండెక్స్ ఆపలేదు.

ఎన్నిసార్లు సరిచేయాలన్నదే అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సిన విషయం. ధర 101కి వెళ్లగానే 69 షేర్లు కొన్నారు, మళ్లీ 100కి రాగానే 69 అమ్మారు. ఎక్కువలో కొని తక్కువలో అమ్మి 69 పోగొట్టుకున్నారు, పైగా రెండుసార్లు బ్రోకరేజీ, బిడ్‌కీ (కొనేవాళ్లు ఇస్తామనే ధర) ఆస్క్‌కీ (అమ్మేవాళ్లు అడిగే ధర) మధ్య తేడా. ఆప్షన్లు అమ్మినవాడికి ప్రతి సవరణా ఇలాగే ఉంటుంది, తప్పించుకోలేడు. అలాగని సరిచేయకుండా వదిలేస్తే ధర ఒకే దిక్కుకి పోయినప్పుడు నష్టం వర్గంలో పెరుగుతుంది.

అంకెల్లో చెబుతాను. మన 1,000 కాల్స్‌ని 30 రోజుల పాటు రోజుకోసారి సరిచేస్తే, షేరు సరిగ్గా 20 శాతం వొలటాలిటీతోనే కదిలినా, చివరి లాభనష్టం సున్నాకి అటూ ఇటూ సుమారు 370 ఊగుతుంది. అది వచ్చిన ప్రీమియంలో దాదాపు ఆరో వంతు. ఆ ఊగిసలాటను సగం చేయాలంటే రెండింతలు కాదు, నాలుగింతలు సరిచేయాలి: రోజుకి నాలుగుసార్లు. ఖర్చేమో సవరణల సంఖ్యతో పాటు పెరుగుతుంది. ఒక హద్దు దాటాక, తగ్గే ఊగిసలాట కంటే పెరిగే ఖర్చే ఎక్కువ.

అందుకే గడియారం చూసి సరిచేయడం కంటే హద్దు పెట్టుకుని సరిచేయడం మేలని నా అభిప్రాయం. నికర డెల్టా ప్లస్ 40కీ మైనస్ 40కీ మధ్య ఉన్నంతవరకూ కదపకండి, దాటితేనే కదపండి. ఖర్చు కొన్న విలువను బట్టి పెరిగేదైతే సున్నా దాకా తీసుకురానక్కర్లేదు, హద్దు లోపలికి తెస్తే చాలు. ఒక్కో ఆర్డర్‌కి ఇంత అని పడితే మాత్రం మధ్యలోకి తెచ్చేయండి. హద్దు ఎంత వెడల్పు ఉండాలి? ఖర్చు చిన్నదైనప్పుడు అది ఖర్చు ఘనమూలాన్ని బట్టి పెరుగుతుందని ఎలిజబెత్ వాలీ, పాల్ విల్మాట్ అనే పరిశోధకులు 1997లో చూపించారు. ఖర్చు ఎనిమిది రెట్లయినా హద్దు రెండు రెట్లే అవుతుంది. అంటే కాస్త ఖర్చు ఉన్నా చెప్పుకోదగ్గ హద్దు పెట్టుకోవాల్సిందే, ఖర్చు పెరిగిందని హద్దును మరీ సాగదీయనూ కూడదు. గామా ఎక్కువగా ఉంటే డెల్టాలో కొలిచే హద్దు కూడా పెద్దదవ్వాలి.

గామా భయపెడుతుంటే షేర్లతో పని జరగదు, షేరు గామా సున్నా. ఇంకో ఆప్షన్ కొనాలి. ఇదే షేరు మీద 60 రోజుల, 105 స్ట్రైక్ కాల్ ధర 1.397, డెల్టా 0.287, గామా 0.042. అవి 10 కాంట్రాక్టులు కొంటే నికర గామా 69.5 నుంచి 27.5కి దిగుతుంది. ధర 3 కదిలితే పోయేది 300 పైన కాకుండా 125 దగ్గర ఆగుతుంది. డెల్టా కూడా మైనస్ 511 నుంచి మైనస్ 224కి వస్తుంది కాబట్టి 224 షేర్లే చాలు. ఊరికే వచ్చిందా? లేదు. ప్రీమియంలో 1,397 ఇచ్చారు, రోజుకి వచ్చే 38 కాస్తా 15కి పడింది. వేగా, అంటే వొలటాలిటీ మారితే ఆప్షన్ ధర ఎంత మారుతుందో చెప్పే అంకె, కూడా తిరగబడింది. ఇంతకుముందు ఇంప్లైడ్ వొలటాలిటీ (ఆప్షన్ ధరలో ఇమిడి ఉన్న వొలటాలిటీ) 1 శాతం, అంటే 20 నుంచి 21కి, పెరిగితే 114 పోయేది, ఇప్పుడు రెండు ఎక్స్‌పైరీల వొలటాలిటీలూ సమానంగా పెరిగితే 24 వస్తుంది. చేసేటప్పుడు వరస మాత్రం తప్పొద్దు: ముందు ఆప్షన్లతో గామా, ఆ తర్వాతే షేర్లతో డెల్టా. తిరగేసి చేస్తే షేర్ల పని మళ్లీ మొదటికి వస్తుంది.

తెర మీద కనిపించే డెల్టాను కూడా గుడ్డిగా నమ్మకండి. అది వొలటాలిటీ మారదనుకుని వేసిన లెక్క. షేరు ఇండెక్సుల్లో ధర పడితే ఇంప్లైడ్ వొలటాలిటీ సాధారణంగా పెరుగుతుంది. ధర 1 తగ్గినప్పుడల్లా వొలటాలిటీ 0.3 శాతం పెరుగుతోందనుకోండి. ఒక్కో కాల్‌కి వేగా 0.114 కాబట్టి 0.034 తేడా వస్తుంది. అప్పుడు మీకు కావాల్సింది 511 షేర్లు కాదు, సుమారు 477. హెడ్జ్ సరిగ్గానే ఉందనిపిస్తూ ధర పడిన ప్రతిసారీ అనుకున్నదానికంటే ఎక్కువ పోతుంటే మొదట ఇదే అనుమానించండి.

ఎక్స్‌పైరీ దగ్గరపడ్డాక స్ట్రైక్ దగ్గరున్న ఆప్షన్ గుణమే మారిపోతుంది. 30 రోజులున్నప్పుడు ధర 100 నుంచి 101కి వెళితే డెల్టా 511 నుంచి 580కి పెరిగింది. ఒక్క రోజే ఉంటే 502 నుంచి 830కి ఎగబాకుతుంది. 40 హద్దు పెట్టుకుని కూర్చుంటే ఆ రోజంతా కొనడం, అమ్మడమే సరిపోతుంది. స్ట్రైక్ పక్కనే ధర ఆడుతున్నప్పుడు చివరి రోజుదాకా ఉంచుకోకుండా ఆ కాల్స్‌ని తిరిగి కొనేసి మూసేయడం చాలాసార్లు చవక. షేర్ల డెలివరీతో తేలే ఆప్షన్ అయితే ఎన్నిటికి అసైన్‌మెంట్ (అమ్మినవాడు షేర్లు ఇవ్వాల్సిందేనన్న పిలుపు) వస్తుందో ముందు తెలియదు, మర్నాడు చేతిలో ఎన్ని షేర్లు మిగులుతాయో కూడా తెలియదు.

ఇక ధర ఒక్కసారిగా దూకడం. మార్కెట్ మూసిన రాత్రి వార్త వచ్చి ఉదయం 7 శాతం కింద తెరుచుకుంటే మధ్యలో సరిచేసే చోటే ఉండదు. 1987 అక్టోబర్ 19న అమెరికాలో డౌ జోన్స్ సూచీ ఒక్కరోజులో 22.6 శాతం పడింది. అప్పటికి చాలా పెద్ద నిధులు పోర్ట్‌ఫోలియో ఇన్సూరెన్స్ అనే పద్ధతి పాటిస్తున్నాయి. పుట్ కొనకుండానే పుట్ లాంటి రక్షణ కోసం, ధర పడేకొద్దీ ఫ్యూచర్స్ అమ్ముతూ పోవడం దాని సారం, అంటే మనం చెప్పుకున్న సవరణే. అందరూ ఒకేసారి అమ్మబోతే కొనేవాళ్లు దొరకలేదు. సవరించగలమన్న నమ్మకం అవతల కొనేవాడుంటేనే నిలుస్తుంది. ఈ రిస్క్‌ని డెల్టాతో తగ్గించలేరు. నిజంగా ఆప్షన్ కొనాలి, లేదా అమ్మే పరిమాణం తగ్గించుకోవాలి. 5, 10, 20 శాతం దూకితే ఎంత పోతుందో ముందే లెక్కవేసి, ఆ మొత్తం భరించగలిగినంత మేరకే అమ్మండి.

చివరిగా రోజూ చేయాల్సిన పని ఒకటి. సాయంత్రం ఆ రోజు లాభనష్టాన్ని ముక్కలుగా విడగొట్టి రాయండి. షేర్లు సరిపోయిన రోజు ధర 1 కదిలి, ఇంప్లైడ్ వొలటాలిటీ 0.5 శాతం పెరిగిందనుకుందాం: డెల్టా వల్ల 0, గామా వల్ల మైనస్ 35, థీటా వల్ల ప్లస్ 38, వేగా వల్ల మైనస్ 57, ఖర్చులు 6. కూడితే మైనస్ 60. ఖాతాలో చూస్తే మైనస్ 62 ఉంటే సరే, మైనస్ 160 ఉంటే ఆ 100 ఎక్కడిదో తేలేవరకూ మర్నాడు కొత్త ఆర్డర్ పెట్టకండి. పాత ధరతో డెల్టా వేసి ఉండవచ్చు, గుర్తు తప్పి ఉండవచ్చు, డివిడెండ్ తేదీ చూసుకోకపోయి ఉండవచ్చు. ముందుగా ఆప్షన్ ధరనూ షేరు ధరనూ ఒకే సమయానికి తీసుకున్నారో లేదో చూడండి. ఎక్కువసార్లు తేడా అక్కడే ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య