ఒడిశా ఐటీఐ సర్టిఫికెట్ ఆంధ్రాలో చెల్లదా మాస్టారూ? – కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం మజ్జిగౌరమ్మ గుడి నుంచి బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే ఒకాయన వచ్చి పట్టుకున్నాడు. "మాస్టారూ, మావాడు పది పాసయ్యాడు. ఇక్కడ గవర్నమెంటు ఐటీఐలో ఫిట్టర్ సీటు వచ్చేలా ఉంది. కానీ ఒడిశా సర్టిఫికెట్ వైజాగ్‌లో చెల్లదంట కదా? అప్పు చేసైనా పార్వతీపురం వైపు ప్రైవేటులో వేసేద్దామా?"

రాయగడలో ఇరవై రెండేళ్లుగా ఫిట్టర్ ట్రేడ్ చెబుతున్నాను. జూన్ వచ్చిందంటే ఈ ప్రశ్న బజార్లో, రైల్వే ప్లాట్‌ఫాం మీద, చివరికి పెళ్లి భోజనాల బంతిలో కూడా తగులుతుంది. గుణుపురం, పర్లాకిమిడి, జయపురంలో పనిచేసే మావాళ్లూ ఇదే చెబుతారు. ఎవరు పుట్టించారో గానీ ఈ పుకారు మన తెలుగు కుటుంబాల చేత ఊరికే డబ్బు ఖర్చు పెట్టిస్తోంది. అందుకే ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: ఒడిశాలో చదివితే ఒడిశాలోనే పనికొస్తుంది.

ఐటీఐ రెండేళ్లూ పూర్తిచేసి పాసైతే చేతికొచ్చేది నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్. మొదటి మాటే నేషనల్. 1950లో కేంద్రం మొదలుపెట్టిన శిక్షణ పథకం కింద నడిచే చదువు ఇది. సిలబస్ ఖరారుచేసేది ఢిల్లీలోని డీజీటీ, అంటే కేంద్ర ప్రభుత్వ శిక్షణ విభాగం. రాయగడ కుర్రాడికీ, పార్వతీపురం కుర్రాడికీ ఫిట్టర్ సిలబస్ ఒక్కటే. ఏడాదికి 1200 గంటలు, అందులో 840 గంటలు ప్రాక్టికలే. చివర్లో రాసే ఆలిండియా ట్రేడ్ టెస్టూ ఒక్కటే. ప్రాక్టికల్‌లో 60 శాతం రాకపోతే సరిహద్దుకు ఇటున్నా అటున్నా ఫెయిలే. మా పిల్లలు విశాఖలో నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్లో చేరారు, సునాబెడలో విమాన ఇంజన్లు తయారుచేసే హెచ్ఏఎల్‌కీ వెళ్లారు. ఏ రాష్ట్రం సర్టిఫికెట్ అని ఎవరూ వెనక్కి పంపలేదు.

మరి నిజంగా చెల్లని సర్టిఫికెట్లు లేవా అంటే, ఉన్నాయి. దానికి కారణం రాష్ట్రం కాదు.

కొన్నేళ్ల క్రితం ఒకావిడ కొడుకును వెంటబెట్టుకుని మా వర్క్‌షాప్‌కి వచ్చింది. భర్త తోపుడు బండి మీద పళ్లు అమ్ముతాడు. ఈ పుకారు నమ్మి, పుస్తెలతాడు తాకట్టు పెట్టి, సరిహద్దు అవతల ఒక ప్రైవేటు సంస్థలో పిల్లాణ్ణి ఎలక్ట్రీషియన్‌లో వేశారు. రెండేళ్లు రూము అద్దె, మెస్సు, ఫీజు. లామినేషన్ చేసిన కాగితం ఒకటి ఇచ్చారు, తళతళలాడుతోంది. విశాఖలో అప్రెంటిస్‌కి పిలుపొచ్చి వెళ్తే, కాగితాలు చూసేటప్పుడు రికార్డు లేదన్నారట. పిల్లాడి రోల్ నంబరు ఐటీఐల ప్రభుత్వ పోర్టల్‌లో నేను మూడుసార్లు కొట్టాను. ఏమీ రాలేదు. తర్వాత ఆ సంస్థ పేరు కొట్టి చూస్తే సంగతి తేలింది. వాళ్లకి ఫిట్టర్‌కి అఫిలియేషన్, అంటే ప్రభుత్వ గుర్తింపు, ఉంది, ఎలక్ట్రీషియన్‌కి లేదు.

"అయితే రెండేళ్లూ పోయినట్టేనా బాబూ?" అందావిడ. పిల్లాడు మాత్రం గోడ మీదున్న సేఫ్టీ చార్టు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఐటీఐ చదువుకి పై వయసు పరిమితి లేదు కాబట్టి, ఇరవై ఒకటో ఏట మళ్లీ మొదటి సంవత్సరంలో చేరి, మీసాలు రాని పిల్లల పక్కన కూర్చున్నాడు. పాసయ్యాడు. తాకట్టు విడిపించారో లేదో నేను అడగలేదు.

అఫిలియేషన్ అనేది సంస్థకి గంపగుత్తగా ఇచ్చేది కాదు. ట్రేడువారీగా, యూనిట్‌వారీగా ఇస్తారు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్‌లలో యూనిట్‌కి, అంటే ఒక బ్యాచ్‌కి, 20 మంది. రెండు యూనిట్లకి అనుమతి ఉన్నచోట అరవై మందిని చేర్చుకుంటే ఆ మిగతా ఇరవై మంది గతి ఏమిటి? అందుకే ఫీజు కట్టకముందే ఐటీఐ ఎంఐఎస్ కోడ్, అంటే ఆ సంస్థ గుర్తింపు నంబరు, అడగండి. స్కిల్ ఇండియా డిజిటల్ పోర్టల్‌లో ఆ కోడ్ కొట్టి, మీ పిల్లాడి ట్రేడు అందులో ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. అలా చూడడం మీకు రాకపోతే మీ వీధిలో ఇంటర్ చదివే పిల్లల్ని అడగండి, పది నిమిషాల పని. ఆంధ్రాలో మంచి ప్రైవేటు ఐటీఐలు లేవని నేననట్లేదు. ఒడిశాలో మోసాలు లేవనీ అనను. రాష్ట్రాన్ని కాదు, కోడ్‌ని చూడమంటున్నాను.

పైన చెప్పిన నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్‌నే జాతీయ కౌన్సిల్ పేరుతో ఎన్‌సీవీటీ అంటారు. ఎస్‌సీవీటీ సర్టిఫికెట్ సంగతి వేరు, అది రాష్ట్ర కౌన్సిల్‌ది. రైల్వే లోకోపైలట్ లాంటి ఉద్యోగాలకి ఎన్‌సీవీటీ, ఎస్‌సీవీటీ రెండూ తీసుకుంటారు. కొన్నిచోట్ల ఎన్‌సీవీటీనే అడుగుతారు. నోటిఫికేషన్ చదవాల్సిందే.

అసలు సరిహద్దు దాటనిది ఒకటుంది. కుల ధ్రువపత్రం. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రానికో రకం. ఒడిశా జాబితాలో ఎస్టీగా ఉన్న పిల్లాడు ఆంధ్ర ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్తే జనరల్ కిందే లెక్క. కేంద్ర సంస్థల్లో మాత్రం మన రాష్ట్రం ఇచ్చిన పత్రంతోనే రిజర్వేషన్ వస్తుంది. టెన్షన్ పడాల్సింది ఇక్కడ. దీని గురించి మాత్రం ఎవరూ అడగరు!

అపోహ: సర్టిఫికెట్ అంతా ఒకటే అయితే ఎక్కడ చేరినా ఒకటే.

కాదు. కాగితం విలువ ఒకటే గానీ చేతికొచ్చే పని ఒకటి కాదు. మా దగ్గర మొదటి నెలంతా ఇనప ముక్కని ఆకురాయితో రాయించడమే. రాసి, ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి, కిటికీ వెలుగుకి ఎత్తి చూడాలి. అంచు కింద నుంచి సన్నటి వెలుగు గీత కనబడిందా, మళ్లీ వైస్‌లో బిగించి రాయాలి. అరచేతులు బొబ్బలెక్కుతాయి. కొందరు తండ్రులు వచ్చి "మెషీన్లుండగా ఇదెందుకు సారూ" అంటారు. ఆ గీత కనిపెట్టలేని కన్ను మెషీన్ మీద కూడా తప్పు కనిపెట్టలేదు. కాబట్టి చేర్చేముందు వర్క్‌షాప్‌లోకి వెళ్లి బెంచీల కింద చూడండి. ఇనప రజను ఉంటే పని జరుగుతున్నట్టు. నేల అద్దంలా మెరుస్తుంటే కాస్త అనుమానించండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఎన్‌సీవీటీ రద్దయింది, పాత సర్టిఫికెట్లు పోయినట్టే. 1956లో పుట్టిన ఆ కౌన్సిల్ నియంత్రణ పనిని 2020 నుంచి ఎన్‌సీవీఈటీ అనే కొత్త జాతీయ కౌన్సిల్ చూస్తోంది. పాతవి చెల్లుతాయి. వాట్సాప్‌లో వచ్చిందని భయపడకండి.

అపోహ: మూడు నెలల స్కిల్ కోర్సు ఐటీఐతో సమానం. కాదు. ఐటీఐ అడిగిన ఉద్యోగానికి ఆ కాగితం పెడితే దరఖాస్తు పక్కన పడేస్తారు.

అపోహ: అప్రెంటిస్ అంటే వెట్టిచాకిరీ. లేదా, అప్రెంటిస్ చేస్తే ఉద్యోగం ఖాయం. రెండూ తప్పే. 1961 చట్టం ప్రకారం స్టైపెండ్ ఇవ్వాల్సిందే. 2016లో వచ్చిన పథకం కింద అందులో పావు వంతు, నెలకి 1500 దాటకుండా, కేంద్రం భరిస్తుంది. ఉద్యోగం ఇచ్చితీరాలని చట్టంలో లేదు. అయితే రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకి లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయిస్తున్నారు. ఏడాది ఓపిక పట్టమని పిల్లలకి చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

అపోహ: ఐటీఐతో చదువు ఆగిపోతుంది. పది తర్వాత రెండేళ్ల ఐటీఐ చేస్తే సంబంధిత డిప్లొమా రెండో సంవత్సరంలో నేరుగా చేరే దారి ఉంది.

అపోహ: గవర్నమెంటు ఐటీఐలు కంపెనీలకి అమ్మేస్తున్నారు, ఫీజులు పెరుగుతాయి. 2025 అక్టోబరులో మొదలైన పీఎం సేతు పథకం చూసి పుట్టిన భయం ఇది. 60,000 కోట్లతో వెయ్యి ప్రభుత్వ ఐటీఐలను బాగుచేస్తామన్నారు. 200 హబ్‌లు, వాటి చుట్టూ 800 ఐటీఐలు. ఆస్తి ప్రభుత్వానిది, నడపడంలో పరిశ్రమలకి పెద్ద పాత్ర. అమ్మకం కాదు. పరిశ్రమలు రావడం నాకు ఇష్టమే. మా లేత్ మెషీన్ ఒకటి నేను చేరిననాటికే పాతది, దాని గేరు మార్చాలంటే చేత్తో తట్టి బతిమాలాలి. కానీ కొత్త మెషీన్ వచ్చి దాన్ని నేర్పేవాడు లేకపోతే ప్లాస్టిక్ కవర్ కిందే ఉండిపోతుంది. అలా కప్పి ఉంచిన మెషీన్‌ని నేను చూశాను. ఖాళీగా ఉన్న ఇన్‌స్ట్రక్టర్ పోస్టులు నింపకుండా ఎన్ని కోట్లు తెచ్చినా నాకు నమ్మకం లేదు.

అపోహ: ఆడపిల్లలకి టైలరింగ్ తప్ప ట్రేడు లేదు. సీట్లలో 30 శాతం వాళ్లకే ఉన్నాయి. మొన్నటి బ్యాచ్‌లో ట్రై స్క్వేర్‌కి వెలుగు కనబడకుండా మొదట రాసిచ్చింది ఆడపిల్లే.

గుడి దగ్గర కలిసినాయనకి కూడా ఇదంతా చెప్పాను. "మరి మావాడికి ఒడియా అంతగా రాదు మాస్టారూ" అన్నాడు. మా క్లాసులో సగం తెలుగు, సగం ఒడియా, పనిముట్ల పేర్లన్నీ ఇంగ్లీషు. పదో తరగతి మార్కుల మెమో, నివాస పత్రం పట్టుకుని సోమవారం పది గంటలకి రమ్మన్నాను.