అడుగున మోగే నాలుగు తీగలు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న 'హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్' అనే పాత ఇంగ్లిషు పాట వింటూ, "అడుగున దుమ్ దుమ్మని మోగేది ఏమిటి తాతయ్యా?" అని అడిగారు. అందరూ పాడేవాడి పేరు అడుగుతారు. మీ చెవి అడుగుదాకా వెళ్లిందని నాకు ఎంత సంతోషమైందో!

అది బేస్ గిటార్. దానికి సాధారణంగా నాలుగే తీగలు, బాగా లావుగా ఉంటాయి. బరువైన తీగ నెమ్మదిగా ఊగుతుంది కాబట్టి మంద్రంగా పలుకుతుంది. అన్నిటికన్నా లావుపాటి తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటార్‌లో లావు తీగ 82 సార్లు.

మీరు విన్న పాటలో ఆ తీగలు మీటినాయన ఛాస్ చాండ్లర్. 1938లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో పుట్టాడు. ఆరడుగులు దాటిన భారీ మనిషి. టైన్ నది ఒడ్డున ఓడలు కట్టేచోట లేత్ యంత్రం మీద పని చేసేవాడు. తర్వాత యానిమల్స్ అనే రాక్ సంగీత బృందంలో చేరాడు.

1964 మేలో, ఊరూరా కచేరీలు చేస్తున్న మధ్యలోనే, ఆ బృందంలోని అయిదుగురూ లండన్ స్టూడియోకు వెళ్లి, మీరు విన్న 'హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్' అనే పాత జానపదగీతాన్ని ఒకే ఊపులో రికార్డు చేశారు. రేడియోకు మూడు నిమిషాల పాటలే కావాలనే రోజుల్లో ఇది నాలుగు నిమిషాలు దాటింది. అయినా బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానంలో నిలిచింది. కానీ రికార్డు మీద, పాటను కూర్చినవారి చోట, ఆర్గన్ వాయించిన ఆలన్ ప్రైస్ పేరొక్కటే అచ్చయింది. ఆ పేరు మీద వచ్చే సొమ్ము, అంటే రాయల్టీ, మిగతా నలుగురికీ దక్కలేదు. అది అన్యాయమే అంటాను నేను.

1966 నాటికి ఛాస్‌కు బృందం మీద విసుగు పుట్టింది. ఆ వేసవిలోనే న్యూయార్క్‌లోని ఒక చిన్న కెఫేలో, పెద్దగా ఎవరికీ తెలియని కుర్రవాడు గిటార్ వాయిస్తుంటే విన్నాడు. ఆ కుర్రవాడే, తర్వాత గిటార్‌తో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న జిమీ హెండ్రిక్స్. సెప్టెంబరులో అతన్ని లండన్ తీసుకొచ్చి, తోడుగా వాయించేవాళ్లను వెతికిపెట్టి, మొదటి పాటలు దగ్గరుండి రికార్డు చేయించాడు. చేతిలో డబ్బు చాలక తన బేస్ గిటార్లనే అమ్ముకున్నాడు. ఏళ్ల తరబడి అన్నం పెట్టిన వాయిద్యాలు, పిల్లలూ! ఇంకొకరి పాట కోసం ఇచ్చేశాడు.

తర్వాత స్లేడ్ అనే బృందాన్నీ పైకి తెచ్చాడు. సొంత ఊళ్లో పెద్ద కచేరీశాల కట్టించడానికి పూనుకున్నాడు. అది 1995లో తెరుచుకుంది. మరుసటి ఏడాదే ఆయన పోయాడు.

ఆదివారం వచ్చేటప్పుడు మంచి హెడ్‌ఫోన్లు తీసుకురండి. ఆ పాట మళ్లీ పెట్టుకుందాం. ఈసారి పాడే గొంతును వదిలేసి, ఆయన వేళ్లనే వెంబడిద్దాం.

మీ తాతయ్య