గవర్నర్‌ని సభ ఎన్నుకున్న రోజులు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

అమెరికాలో రాష్ట్ర గవర్నర్లను మొదట్నుంచీ జనమే ఓటేసి ఎన్నుకుంటున్నారని మొన్న ఫోన్లో అన్నారు కదా. చాలాచోట్ల అలా జరగలేదర్రా. వర్జీనియా సంగతి చెబుతాను.

స్వాతంత్ర్యానికి ముందు అక్కడికి గవర్నర్‌ని ఇంగ్లండ్ రాజు పంపేవాడు. ఆఖరివాడు లార్డ్ డన్మోర్. ఇంగ్లండ్ ప్రభుత్వం రేవు మూయించడంతో కష్టాల్లో పడ్డ బోస్టన్ నగరం కోసం ఒకరోజు ఉపవాసం ఉండి ప్రార్థన చేద్దామని ప్రజాప్రతినిధుల సభ తీర్మానించింది. అంత మాత్రానికే 1774లో ఆయన సభను రద్దు చేసేశాడు. మరుసటి ఏడాది జనం తిరగబడటంతో రాజధాని విలియమ్స్‌బర్గ్ వదిలి యుద్ధనౌక ఎక్కాడు.

అలాంటి పెత్తనం చవిచూసినవాళ్లు 1776లో సొంత రాజ్యాంగం రాసుకుంటే గవర్నర్ చేతులు కట్టేయకుండా ఉంటారా? ఆయన్ని ఏటా శాసనసభే ఎన్నుకోవాలన్నారు. వరసగా మూడేళ్లు చేశాక నాలుగేళ్లు ఆగాలి. సభ చేసిన చట్టం నచ్చకపోయినా ఆపే హక్కు లేదు.

ఎన్నిక తీరు నాకు భలే ఇష్టం. రెండు సభలవాళ్లూ ఎవరి హాల్లో వాళ్లు చీటీలు వేసేవారు. పెట్టెల్ని ఒక గదికి చేర్చి, రెండు సభల కమిటీ కలిసి చూసేది. 1779 జూన్ 1న, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్‌కి 55, జాన్ పేజ్‌కి 38, థామస్ నెల్సన్‌కి 32 ఓట్లు వచ్చాయి. ఎవరికీ సగం దాటలేదు. మళ్లీ ఓటేస్తే జెఫర్సన్ 67, పేజ్ 61. ఈ ఇద్దరూ కాలేజీ నాటి స్నేహితులు. ఆరు ఓట్ల తేడాతో ఓడినా పేజ్ ఆ స్నేహం చెడనివ్వలేదు.

కానీ ఈ పద్ధతిలో చిక్కు 1781లో బయటపడింది. జూన్ మొదట్లో జెఫర్సన్ గడువు తీరిపోయింది. కొత్తవాణ్ని ఎన్నుకోవాల్సిన సభ్యులేమో బ్రిటిష్ గుర్రపు దళం ముంచుకొస్తోందని, అప్పుడు సభ జరుగుతున్న షార్లట్స్‌విల్ ఊరు వదిలి, కొండలకు అవతల ఉన్న స్టాంటన్‌కి పరుగెత్తారు. 12న అక్కడే నెల్సన్‌ని ఎన్నుకున్నారు. అప్పటిదాకా, యుద్ధం నడుస్తుండగా, ఆ రాష్ట్రానికి ఎన్నికైన గవర్నరే లేడు! అధికారమంతా సభలోనే పోగుపడితే అందులోని 173 మంది సభ్యులు నియంతలైనా ఒక్క నియంత పెట్టే బాధే పెడతారని జెఫర్సన్ తర్వాత రాశాడు. ఆ మాట నిజమేననిపిస్తుంది నాకు.

ఇంకోటి మరిచిపోవద్దు. ఆ సభ్యుల్ని ఎన్నుకునే ఓటు దాదాపుగా ఆస్తి ఉన్న తెల్ల మగవాళ్లకే ఉండేది. ఆడవాళ్లకు లేదు, బానిసత్వంలో మగ్గుతున్న నల్లవాళ్లకు అసలే లేదు. 1851 రాజ్యాంగం గవర్నర్ ఎన్నికను ఓటర్ల చేతికిచ్చినప్పుడు కూడా ఆ ఓటర్లు తెల్ల మగవాళ్లే. సౌత్ కరోలినాలోనైతే అంతర్యుద్ధం ముగిశాక, 1865లో గానీ గవర్నర్ కోసం ఓటర్లు నేరుగా ఓటెయ్యలేదు.

మీ తాతయ్య