"చెయ్యి భలే స్పీడండీ మీది": క్లోజప్ మ్యాజిక్ మీద అపోహలు - వాస్తవాలు

పెళ్ళి రిసెప్షన్లలో, బర్త్‌డే ఫంక్షన్లలో టేబుల్ టేబుల్‌కీ తిరిగి మ్యాజిక్ చెయ్యడం నా పని. స్టేజీ, లైట్లు, పెట్టెలో మనిషిని కొయ్యడం ఇవేవీ ఉండవు, జేబులో ఒక పేక, నాలుగు రూపాయి బిళ్ళలు, రెండు రబ్బరు బ్యాండ్లు, అంతే. జనం రెండడుగుల దూరంలో కూర్చుని బిర్యానీ తింటూనే నా చేతుల వైపు అనుమానంగా చూస్తుంటారు. ఏళ్ళ తరబడి అవే మాటలు వినీ వినీ ఒకసారి రాసి పడేద్దాం అనిపించింది.

అపోహ: చెయ్యి కంటికన్నా స్పీడు, అందుకే కనబడదు.

నంబర్ వన్ ఇదే. నిజానికి స్పీడుగా చేస్తేనే దొరికిపోతాం, ఉన్నట్టుండి చెయ్యి గబుక్కున కదిలితే ఎవరి కన్నైనా అటే పోతుంది కదా. రూపాయి బిళ్ళ మాయం చేసేదే తీసుకోండి. కుడిచేతి వేళ్ళ చివర బిళ్ళ పట్టుకుంటా, ఎడం చేత్తో అందుకున్నట్టు నటించి గుప్పిట మూస్తా, బిళ్ళ మాత్రం కుడిచేతిలోనే ఉండిపోతుంది (మ్యాజిక్ నేర్పే ఎవరైనా మొదటిరోజే చెప్పేది ఇదే, కాబట్టి బయటపెట్టానని తోటివాళ్ళు నన్ను కొట్టరు). ఇందులో కష్టమంతా వేళ్ళది కాదు, చూపుది. ఖాళీ గుప్పిటని నేను నిజంగా బిళ్ళ ఉన్నట్టే చూడాలి, నేను చూస్తేనే మీరూ చూస్తారు. కుడిచేతి వైపు అర సెకను చూపు జారినా ట్రిక్ చచ్చినట్టే. మొదట్లో ఆర్నెల్లు అద్దం ముందు నిలబడి చేశా, నాకే కనబడట్లేదు, వచ్చేసిందిరా అనుకున్నా. తీరా ఫోన్లో వీడియో తీసుకుంటే తెలిసింది, సరిగ్గా బిళ్ళ జారే క్షణంలో కళ్ళు ఆర్పేస్తున్నా! కళ్ళు మూసుకుంటే అద్దంలో ఏం కనబడుతుంది నా మొహం.

అర్జెంటీనాలో రెనె లవాండ్ అని ఒకాయన ఉండేవాడు, తొమ్మిదేళ్ళప్పుడు యాక్సిడెంట్లో కుడిచెయ్యి పోయింది. జీవితమంతా ఎడం చెయ్యి ఒక్కదానితోనే పేక ఆడించాడు, అది కూడా కావాలని నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా. స్పీడు థియరీ ఆయన దగ్గర ఏమైపోవాలి చెప్పండి. కనికట్టు అంటాం గానీ నన్నడిగితే కట్టేది కన్నుని కాదు, ధ్యాసని.

అపోహ: పేక మనం కలిపి ఇస్తే మ్యాజిషియన్ చేతులెత్తేస్తాడు.

బాబాయిలకి ఇదంటే మహా ఇష్టం, "ఇటివ్వవయ్యా నేను కలుపుతా" అని లాక్కుంటారు. కలపండి బాబాయ్. ఎడం చేతిలో పేక పెట్టుకుని కుడిచేత్తో కట్టలు కట్టలుగా వేసే మన పద్ధతిలో నాలుగుసార్లు కలిపినా పక్కపక్కన ఉన్న ముక్కలు చాలావరకు పక్కపక్కనే ఉంటాయి. పేకని రెండు సగాలు చేసి బొటనవేళ్ళతో టపటపా వదిలే పద్ధతిలో అయినా 52 ముక్కలూ సరిగ్గా కలవాలంటే ఏడుసార్లు కలపాలని 1992లో డేవ్ బేయర్, పెర్సీ డయాకొనిస్ అనే ఇద్దరు లెక్కల మేధావులు లెక్కగట్టారు. ఇంకో చిత్రం, సరిగ్గా 26, 26 చేసి పై ముక్క పైనే ఉండేలా ఒకటి విడిచి ఒకటి దూర్చుకుంటూ కలిపితే, ఎనిమిదోసారికి పేక మొత్తం మొదట ఉన్న వరసలోకే వచ్చేస్తుంది. అంటే కలపడం కూడా ఒక్కోసారి ట్రిక్కే.

ఆ డయాకొనిస్ మామూలోడు కాదు, 14 ఏళ్ళకి ఇల్లొదిలేసి డై వెర్నన్ అనే మ్యాజిషియన్ వెంట పోయి, తర్వాతెప్పుడో చదువుకుని స్టాన్‌ఫోర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. "ఇంకోసారి చేస్తే పట్టేస్తా" అనేవాళ్ళకి ఈ వెర్నన్ కథే చెప్తా. ఏ ట్రిక్కైనా మూడుసార్లు చూస్తే పట్టేస్తానని గొప్పలు చెప్పుకునే పేరుమోసిన మ్యాజిషియన్ హుడీనీకి 1922లో చికాగోలో, పేక లోపల పెట్టిన ముక్క మళ్ళీ పైకొచ్చేది చూపించాడు. మూడుసార్లు దాటినా హుడీనీకి అంతుపట్టలేదు.

అపోహ: చిన్నపిల్లల్ని బోల్తా కొట్టించడం ఈజీ.

అస్సలు కాదు. ఐదేళ్ళ పిల్ల నా మాట వినదు, నా మొహం చూడదు, "అంకుల్ ఆ చెయ్యి కూడా తెరువు" అంటుంది. సులువుగా పడేది బాగా చదువుకున్న పెద్దవాళ్ళే, వాళ్ళంతట వాళ్ళే ఒక థియరీ కట్టుకుని దాని వెనకాలే పోతారు.

మంత్రం, వశీకరణం అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నిమ్మకాయ కోస్తే రక్తం వచ్చిందని భయపెట్టి డబ్బు గుంజేవాడు చేసేది మంత్రం కాదండీ, కత్తికి మిథైల్ ఆరెంజ్ లాంటి రంగు పూసి ఆరబెడితే పులుపు తగిలి ఎర్రబడుతుంది. దిష్టి నీళ్ళల్లో పసుపు, సున్నం కలిస్తే ఎర్రగా అవ్వట్లేదూ, అలాంటిదే. జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊళ్ళల్లో ఇలాంటివి చేసి గుట్టు విప్పి చూపిస్తుంటారు. నేను మోసం చేస్తానని ముందే చెప్పి చేస్తా, వాడు చెప్పడు, తేడా అదే.

అపోహ: అదంతా డూప్లికేట్ పేకండీ.

స్పెషల్ పేకలు దొరుకుతాయి, నా దగ్గరా రెండున్నాయి, ఎందుకు దాచాలి. కానీ ఎక్కువ పని మామూలు పేకతోనే. ఒక ఫంక్షన్‌హాల్లో ఈ మాటే వచ్చి, పౌరుషానికి పోయి పై రూములో రమ్మీ ఆడుతున్నవాళ్ళ పేక అడిగి తెచ్చా. ఒక పెద్దాయన ఆటీన్ ఏడు తీశాడు, పేకలో కలిపేశాం, కాసేపయ్యాక ఆయన ప్లేటు కింద నుంచే తీసి చూపించా. టేబులంతా చప్పట్లు. ఈలోగా వాళ్ళబ్బాయి మిగతా పేక పరిచి అందులోంచి ఇంకో ఆటీన్ ఏడు లాగాడు. రమ్మీకి రెండు పేకలు కలుపుతారన్న సంగతి నాకెందుకు తట్టలేదో! "చూశారా, రెండు పెట్టాడు" అని ఒకటే గోల, జీవితంలో అంత నిజాయితీగా చేసిన ట్రిక్ ఇంకోటి లేదు మహాప్రభో అన్నా వినేవాడు లేడు.

ఇప్పుడు ఎవరి పేక తీసుకున్నా ముందు 52 లెక్కపెట్టుకుని ముక్కలన్నీ ఒకసారి తిరగేస్తా. ఆ పెద్దాయన మాత్రం ఎక్కడ కనబడ్డా "ఏమయ్యా, రెండో ఏడు తెచ్చావా" అనే పలకరిస్తాడు.