మసక హెడ్‌లైట్లు, లోపల నీళ్లు: అపోహలు - వాస్తవాలు

పాత కారు హెడ్‌లైట్లు బాగు చేయించుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఇంట్లో ఏదో ఒకటి పూసి చూసినవాళ్లే. "రుద్దిన రోజు తళతళలాడాయండీ, నెల తిరక్కుండానే మళ్లీ మొదటికొచ్చాయి" అంటారు. రుద్ది మెరిపించడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ మెరుపు నిలవాలంటే పైన పూత పడాలి. నీళ్లు చేరే లైటు సంగతీ ఇంతే. ఆరబెట్టడం తేలిక, నీళ్లు ఎటు నుంచి దూరుతున్నాయో పట్టుకోవడమే కష్టం. రెండు పనులూ ఇంట్లో చేసుకోవచ్చు, కాకపోతే ప్రచారంలో ఉన్న కొన్ని మాటల్ని ముందు పక్కన పెట్టాలి.

అపోహ: మసక అంటే పేరుకున్న మురికే, గట్టిగా కడిగితే పోతుంది.

వాస్తవం: చెడిపోయింది పైపొర. అద్దం అని అలవాటుగా అంటాం గానీ, 1980ల నుంచి కార్లలో గాజు పోయి క్రమంగా పాలికార్బొనేట్ ప్లాస్టిక్ వచ్చింది. తేలిగ్గా ఉంటుంది, రాయి తగిలినా భళ్లున పగలదు. కానీ ఎండలోని యూవీ కిరణాలు దానికి పడవు, గీతలూ త్వరగా పడతాయి. అందుకే ఫ్యాక్టరీలోనే పైన గట్టి పారదర్శక పూత వేస్తారు. ఏళ్ల తరబడి ఎండకు ఆ పూత నెర్రెలిచ్చి పొరలుగా లేస్తుంది, కింద ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. ఎండ నేరుగా తగిలే పైభాగమే ముందు పాడవుతుంది. మరీ పాత కారైతే గోటితో తట్టి చూడండి. గాజైతే కింద చెప్పే రుద్దుడు దానికి పనికిరాదు. గాజు పసుపెక్కదు, మసక చాలావరకు లోపలి వైపే ఉంటుంది.

అపోహ: ఇదంతా అందం కోసం.

వాస్తవం: అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో పరీక్షించి చూస్తే, బాగా మసకబారిన లైట్లు కొత్తవాటితో పోలిస్తే 20 శాతం వెలుతురే ఇచ్చాయి. రుద్ది బాగు చేశాక సుమారు 70 శాతం దాకా వచ్చింది. అంటే రాత్రిపూట దారి కనబడుతుంది. అలాగని కొత్త లైటుతో సమానం కాదు, ఆ మాట ముందే చెప్పడం మంచిది.

అపోహ: టూత్‌పేస్ట్, ఒంటికి రాసుకునే దోమల మందు చాలు.

వాస్తవం: టూత్‌పేస్ట్‌లో సన్నటి రాపిడి పొడి ఉంటుంది కాబట్టి పైపైన మసక కొంత తగ్గుతుంది, అది నిజమే. కానీ మిగిలిన కాస్త పూతనూ అదే అరగదీస్తుంది, దాని బదులు కొత్త పూత వేయదు. దోమల మందు ఇంకా ప్రమాదం. అందులోని డీట్ అనే రసాయనం ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. పైపొర మెత్తబడి గరుకు సర్దుకుంటుంది కాబట్టి అప్పటికి మెరుస్తుంది, తర్వాత వెంట్రుకంత పగుళ్లు తేలుతాయి. పక్కన పెయింట్ మీద చింది పడితే అదీ పాడవుతుంది. థిన్నర్, అసిటోన్ కూడా పాలికార్బొనేట్‌కు పడవు. నూనె స్ప్రేలు గరుకును నింపి కప్పిపుచ్చుతాయంతే, నాలుగు వానలకు కొట్టుకుపోతాయి. ద్రావకాన్ని కప్పులో వేడిచేసి ఆవిరి పట్టించే కిట్లు కూడా ఈ మధ్య చూస్తున్నాను. ఆ ఆవిరి పీలిస్తే ఒంటికి చేటు, ఇంట్లో వద్దే వద్దు.

అపోహ: రుద్దే సాండ్‌పేపర్ ఎంత నున్నగా ఉంటే అంత మంచిది, గరుకుది వాడితే గీతలు పడతాయి.

వాస్తవం: పని చెడేది ఎక్కువగా ఇక్కడే. గీతలు పడతాయన్న భయంతో నేరుగా 2000 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే సాండ్‌పేపర్, నంబరు పెరిగేకొద్దీ నున్నగా ఉంటుంది) పట్టుకుంటారు. చేతులు పడిపోతాయి గానీ పాత పూత కదలదు. పైగా అక్కడక్కడా పోయి, అక్కడక్కడా మిగిలి లైటు మచ్చలు మచ్చలుగా తయారవుతుంది.

ముందు చుట్టూ పెయింట్ మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు వేయండి. బకెట్ నీళ్లలో రెండు చుక్కల షాంపూ కలిపి, 600 లేదా 800 నంబరు పేపర్‌తో మొదలుపెట్టండి. పూత గట్టిగా ఉంటే 400కి దిగాల్సి రావచ్చు. పేపర్‌నీ లెన్స్‌నీ (అంటే లైటు ముందుండే ప్లాస్టిక్ అద్దాన్ని) ఎప్పుడూ తడిగా ఉంచాలి. మొదట్లో కారే నీళ్లు పసుపుగా, చిక్కగా ఉంటాయి. పూత మొత్తం పోయాక తెల్లగా, పలచగా పాలలా కారతాయి. అప్పుడు పొడిగుడ్డతో తుడిచి చూడండి. తడిగా ఉన్నప్పుడు అన్నీ బాగున్నట్టే కనబడతాయి, లోపాలు బయటపడేది ఆరాకే. పూత మిగిలిన చోట ఒక అంచు గీసినట్టు కనిపిస్తుంది. లెన్స్ అంతా ఒకే తీరుగా తెల్లబారేదాకా తర్వాతి నంబరుకు వెళ్లకండి.

తర్వాత 1000, 1500, 2000. ఒకదాన్ని అడ్డంగా రుద్దితే తర్వాతిదాన్ని నిలువుగా రుద్దాలి. వెనకటి పేపర్ గీతలు పూర్తిగా పోయాయో లేదో దీంతో ఇట్టే తెలుస్తుంది. ఈ దశలో లైటు మొదటికంటే ఘోరంగా కనబడుతుంది, టెన్షన్ పడొద్దు. టార్చి వేస్తే లోతులో దారాల్లా మెరిసే పగుళ్లు కనిపిస్తున్నాయా? అవి ఎంత రుద్దినా పోవు, వాటి కోసం ప్లాస్టిక్‌ను పలచన చేసుకోకండి.

అపోహ: మెరిసింది కదా, పనైపోయింది.

వాస్తవం: ఇక్కడ ఆపేస్తే రక్షణ లేని ప్లాస్టిక్‌ను ఎండకు అప్పగించినట్టే. కొన్ని నెలల్లో మళ్లీ పసుపెక్కుతుంది. వ్యాక్స్ పూస్తారు కొందరు. తప్పు లేదు, కానీ అది తొందరగా పోతుంది, మళ్లీ మళ్లీ పూస్తూ ఉండాలి. నిలిచేది యూవీ రక్షణ ఉన్న క్లియర్ కోటే. గుడ్డతో పూసేవి ఉన్నాయి, స్ప్రేలు ఉన్నాయి.

స్ప్రే వేసేవాళ్లకు ఒక మాట. కాంపౌండ్ (మెరుగు పెట్టే పేస్టు) పెట్టి ముందే మెరిపించకండి. నున్నటి ఉపరితలం మీద పూత సరిగా పట్టదు, కాంపౌండ్ జిడ్డు ఉంటే అసలే పట్టదు. సన్నటి గీతలను పూతే నింపుతుంది. ఎలా వస్తుందో ముందే చూడాలంటే లెన్స్ మీద కాసిని నీళ్లు చల్లండి, తడిలో ఎలా కనబడిందో పూత పడ్డాక దాదాపు అలాగే ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక వేలు కూడా తగలనివ్వొద్దు. ఏ నంబరు దగ్గర ఆపాలో, కోటుకీ కోటుకీ మధ్య ఎంత ఆగాలో డబ్బా మీద ఉంటుంది, అదే పాటించండి. గట్టిపరిచే ద్రవం కలిపే రెండు భాగాల క్లియర్ కోట్ ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ అందులో ఐసోసైనేట్లు అనే, పీలిస్తే హాని చేసే రసాయనాలు ఉంటాయి, వాటికి గుడ్డ మాస్కు చాలదు. సరైన రెస్పిరేటర్ లేకపోతే ఆ పని పెయింటర్‌కు వదిలేయండి.

అపోహ: లోపల చెమ్మ కనబడితే లీకే.

వాస్తవం: హెడ్‌లైట్ సీసా మూతలా బిగించిన వస్తువు కాదు. బల్బు వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, ఆర్పితే సంకోచిస్తుంది, ఆ రాకపోకలకు వెనక చిన్న గాలి దారులు ఉంటాయి. వాన వెలిసినప్పుడో కారు కడిగినప్పుడో పలచటి ఆవిరి పట్టి, లైటు వేసి నడిపాక పోతే కంగారు పడక్కర్లేదు. చుక్కలు కట్టినా, అడుగున నీళ్లు నిలిచినా అది లీకు.

నేనైతే ముందు వెనక రబ్బరు మూత చూస్తాను. బల్బు మార్చినప్పుడు దాన్ని సరిగా బిగించకపోవడం, అసలు పెట్టకపోవడం చాలా మామూలు. తర్వాత బల్బు దగ్గరి రబ్బరు రింగు, మట్టి పట్టి మూసుకుపోయిన గాలి దారి, పగిలిన లైటు డబ్బా. అప్పటికీ దొరక్కపోతే లైటు విప్పి బల్బులు తీసేయండి. గాలి దారులకూ మిగతా రంధ్రాలకూ టేపు వేసి, అంచుల వెంట సబ్బు నీళ్లు రాయండి. ఒక్క బల్బు రంధ్రం వదిలి, దానికి గొట్టం పెట్టి నోటితో మెల్లగా ఊదండి. బుడగలు లేచిన చోటే లీకు. పని అయ్యాక గాలి దారుల టేపు మర్చిపోకుండా తీసేయాలి.

అపోహ: అడుగున రంధ్రం పెడితే నీళ్లు కారిపోతాయి, లేదా చుట్టూ సిలికాన్ పూస్తే సరి.

వాస్తవం: కారిపోయే రంధ్రం గుండానే చక్రం చిమ్మే నీళ్లు, దుమ్ము లోపలికి వస్తాయి. తడి ఉండగా సిలికాన్ పూస్తే ఆ తడి లోపలే బందీ అవుతుంది. ముందు పూర్తిగా ఆరనివ్వండి. లీకున్న చోట పాత జిగురు గీకి శుభ్రం చేసి, తర్వాత సీలెంట్ నింపండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం వద్దు, అది గట్టిపడేటప్పుడు వదిలే ఆమ్లం రిఫ్లెక్టర్‌ను (బల్బు వెలుతురును ముందుకు పంపే లోపలి మెరిసే భాగాన్ని) పాడు చేస్తుంది. న్యూట్రల్ రకం అని చూసి తీసుకోండి. లెన్స్‌ను ఓవెన్‌లో వేడిచేసి ఊడదీసే వీడియోలు వేడికి మెత్తబడే బ్యూటైల్ జిగురు వాడిన లైట్లకే చెల్లుతాయి. కొన్ని కార్లలో వేడికి మెత్తబడని గట్టి జిగురు ఉంటుంది, బలవంతం చేస్తే డబ్బా విరుగుతుంది.

అపోహ: తెరిచాక రిఫ్లెక్టర్ కూడా తుడిచేయొచ్చు.

వాస్తవం: ఆ మెరుపు సన్నటి అల్యూమినియం పొర, గుడ్డతో రుద్దితే ఊడి వస్తుంది. గాలితో దుమ్ము ఊదండి, చాలు. అది నల్లబడి ఉంటే లెన్స్ ఎంత మెరిసినా వెలుతురు రాదు. అప్పుడు లైటు మార్చాల్సిందే. 60/55 వాట్ల బల్బు తీసి 100/90 వేస్తే వెలుతురు కంటే వేడి పెరిగి రిఫ్లెక్టర్, హోల్డర్, వైర్లు మాడతాయి.

లైటు విప్పేముందు కారును గోడకు ఎదురుగా సమతలంలో నిలిపి, లో బీమ్ పై అంచు గోడ మీద పడే చోట టేపు ముక్క అంటించండి. బిగించాక కారును అదే చోట నిలిపి చూసి, తేడా ఉంటే వెనక స్క్రూతో సరిచేసుకోండి. బీమ్ కాస్త పైకి జరిగినా ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది.