కొత్త టీవీ, పాత వైరు: సిగ్నల్ గురించి మన ఇళ్లలో ఉన్న అపోహలు – వాస్తవాలు

కొత్త టీవీ కొనేటప్పుడు డబ్బూ శ్రద్ధా అన్నీ టీవీ మీదే పెడతాం. డాబా మీద డిష్ మాత్రం పాతదే ఉంటుంది. అక్కడి నుంచి దిగే వైరు ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసినదే. టీవీలూ డీటీహెచ్‌లూ బిగించే పని నాది. కొత్త టీవీ బాగా రావడం లేదని పిలిచిన ఇళ్లలో ఎక్కువసార్లు టీవీ శుభ్రంగానే ఉంటుంది, తేడా అంతా డాబాకీ హాలుకీ మధ్యే ఉంటుంది. అందుకే ఈ పోస్టు.

అపోహ: ‘నో సిగ్నల్’ అని వస్తే డిష్ పాడైనట్టే.

ముందు ఆ మాట టీవీ చెబుతోందా, సెట్ టాప్ బాక్స్ చెబుతోందా అన్నది చూడండి. నల్లటి తెర మీద ‘నో సిగ్నల్’ అన్న రెండు ముక్కలు, పక్కన హెచ్‌డీఎంఐ 1 అనో 2 అనో కనిపిస్తే అది టీవీ మాట. బాక్స్ నుంచి తనకు బొమ్మ అందడం లేదని చెబుతోంది. బాక్స్ ఆఫ్‌లో ఉండొచ్చు, వైరు వదులైపోయి ఉండొచ్చు. అన్నిటికంటే ఎక్కువగా జరిగేదేమిటంటే, వైరు రెండో పోర్టులో పెట్టి టీవీని మొదటి పోర్టు మీద ఉంచడం. టీవీ రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి పోర్టు మారిస్తే సరిపోతుంది. దీనికీ డిష్‌కూ సంబంధమే లేదు.

అలా కాకుండా డీటీహెచ్ కంపెనీ గుర్తుతో, ఎర్రర్ నంబరుతో సిగ్నల్ అందడం లేదన్న మెసేజ్ వస్తే అది బాక్స్ మాట. బాక్స్ రిమోట్‌తో మెనూ తెరవండి. మెనూ చక్కగా కనిపిస్తోందంటే బాక్స్ నుంచి టీవీ దాకా అంతా బాగున్నట్టే, డాబా ఎక్కాల్సిందే. మెకానిక్‌కు ఫోన్ చేసేటప్పుడు ఈ రెండిట్లో ఏది వస్తోందో చెప్పగలిగితే సగం పని ఫోన్‌లోనే తెమిలిపోతుంది.

టీవీలో ‘ఆటో ట్యూనింగ్’ పెట్టి గంటసేపు ఎదురుచూసేవాళ్లనూ చూస్తుంటాను. అది యాంటెన్నా, పాత కేబుల్ కాలం నాటి అలవాటు. హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో కేబుల్‌ను డిజిటల్ చేయడానికి ప్రభుత్వం పెట్టిన గడువు 2013 మార్చి 31. ఆ తర్వాత మిగతా ఊళ్లూ మారాయి. ఇప్పుడు చానెళ్లను వెతికే పని బాక్స్‌ది.

అపోహ: వాన పడితే సిగ్నల్ పోవడం మామూలే, ఎవరేం చేయలేరు.

నాకు బాగా బాధ కలిగించే అపోహ ఇదే, ఎందుకంటే దీని చాటున నాసిరకం పని దాక్కుంటోంది. డీటీహెచ్ సిగ్నల్ మన దగ్గరికి సుమారు 11–12 గిగాహెర్ట్జ్‌లో వస్తుంది. ఆ తరంగం పొడవు దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. దట్టమైన వాన చినుకులు దాన్ని కొంత పీల్చేసుకుంటాయి, కొంత చెదరగొడతాయి. కాబట్టి ఉరుములు మెరుపులతో కుండపోతగా కురిసేటప్పుడు కొన్ని నిమిషాలు బొమ్మ పోవడం నిజమే. ఎంత బాగా బిగించినా అది తప్పదు.

చిన్న తుంపరకే పోతోందంటే మాత్రం వానను తిట్టకండి. డిష్ సరిగ్గా గురి కుదరలేదు, లేదా కనెక్టర్‌లోకి నీళ్లు వెళ్లాయి. ఎండ కాసిన రోజు బొమ్మ రావడానికి గురి అటూ ఇటూగా ఉన్నా చాలు. వానను తట్టుకోవాలంటే కొంత సిగ్నల్ మిగులు ఉండాలి, ఆ మిగులు గురి బాగా కుదిరితేనే వస్తుంది. మన ఇళ్ల మీద ఉండే డిష్‌లు దాదాపు 60 సెంటీమీటర్లవి. దాని అంచు ఒక్క సెంటీమీటరు జరిగితే గురి ఒకటి రెండు డిగ్రీలు తప్పుతుంది. ఉపగ్రహం ఉన్నది భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున. అంత దూరంలో ఒక డిగ్రీ అంటే 600 కిలోమీటర్లకు పైనే. కోతి ఊగినా, పిల్లలు బట్టల తాడు కట్టినా, పిట్టగోడ ప్లాస్టరింగ్ ఊడి బోల్టు వదులైనా ఆ ఒక్క సెంటీమీటరు ఇట్టే పోతుంది.

బాక్స్ మెనూలో సిగ్నల్ వివరాలు తెరిస్తే రెండు గీతలుంటాయి: స్ట్రెంత్ (సిగ్నల్ బలం), క్వాలిటీ (సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందన్నది). చాలామంది స్ట్రెంత్ గీత నిండుగా ఉందని సంతోషిస్తారు. నిజానికి బొమ్మ నిలబడేది క్వాలిటీ మీద. బిగించినవాళ్లు వెళ్లేముందు ఆ పేజీ తెరిపించి ఫొటో తీసి పెట్టుకోండి. రేపెప్పుడైనా బొమ్మ చెదిరితే మళ్లీ అదే పేజీ తెరిచి పోల్చవచ్చు. వాన లేని రోజున కూడా క్వాలిటీ అప్పటికంటే బాగా తగ్గి ఉంటే డిష్ కదిలిందనో, కనెక్టర్ చెడిందనో అర్థం.

డిష్ మీద గొడుగు కట్టడం, ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ అందుకునే చిన్న డబ్బాకు) పాలిథిన్ కవర్ చుట్టడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. సిగ్నల్‌ను అడ్డుకునేది డిష్ మీద పడే నాలుగు చినుకులకంటే ఎక్కువగా, పైన కిలోమీటర్ల మేర కురుస్తున్న వాన. మీరు కాపాడాల్సింది కనెక్టర్‌ను. ఎల్‌ఎన్‌బీ దగ్గర పిన్ సరిగ్గా బిగించకపోతే నీళ్లు వైరు లోపల మధ్య రాగి చుట్టూ ఉండే జాలీ (సన్నటి తీగల అల్లిక) పట్టుకుని కిందికి పాకుతాయి. రాగి నల్లబడుతుంది, పచ్చబడుతుంది. అలాంటి వైరును ఎండబెట్టి వాడాలని చూడకండి, ఆ ముక్క తీసేయండి. వైరు ఇంట్లోకి వచ్చే కంతకు ముందు కిందికి ఒక వంపు వదిలితే నీళ్లు అక్కడే కారిపోతాయి. మధ్యలో ఇన్సులేషన్ టేపుతో వేసే అతుకులకు నేను పూర్తిగా వ్యతిరేకిని. డిష్ నుంచి బాక్స్ దాకా అతుకు లేని ఒకే ఆర్‌జీ6 (డిష్‌లకు వాడే గుండ్రటి వైరు రకం) వైరు ఉండాలి.

అపోహ: పక్కింటివాళ్ల డిష్ ఎటు ఉంటే మనదీ అటే పెట్టాలి.

ఇద్దరిదీ ఒకే కంపెనీ అయితే సరే. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాయి కాబట్టి ఆ డిష్ మనకు దాదాపు దక్షిణం వైపు, కొంచెం తూర్పుకు తిరిగి ఉంటుంది. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ 93.5 డిగ్రీల దగ్గర, అంటే ఆగ్నేయం. ఎయిర్‌టెల్ 108.2 డిగ్రీలు, ఇంకా తూర్పుకు. కంపెనీ మారితే చాలావరకు డిష్ రేకు అదే పనికొస్తుంది, దిశ మాత్రం తిప్పాలి.

‘ఎదురుగా అపార్ట్‌మెంట్ లేచింది, ఇక మనకు రాదు’ అన్న భయం కూడా చాలాసార్లు అనవసరం. ఈ ఉపగ్రహాలు మన రెండు రాష్ట్రాల ఆకాశంలో బాగా ఎత్తున ఉంటాయి. 83 డిగ్రీలది హైదరాబాద్ నుంచి చూస్తే దాదాపు 69 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. పది మీటర్ల దూరంలో ఉన్న భవనం మీ డిష్‌కంటే దాదాపు 26 మీటర్లు ఎత్తుంటేనే అడ్డు. 108.2 డిగ్రీలది కిందికి, 50 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. దానికి అదే దూరంలో 12 మీటర్ల భవనం చాలు అడ్డు రావడానికి. నేను ఎక్కువ జాగ్రత్త చెప్పేది పక్కనే ఉన్న కొబ్బరిచెట్టు, వేపచెట్టు గురించి. బిగించిన రోజు ఖాళీగా ఉన్న ఆకాశంలోకి రెండేళ్లలో కొమ్మ వస్తుంది.

అపోహ: ఒక డిష్ వైరును స్ప్లిటర్‌తో రెండు టీవీలకు పంచుకోవచ్చు.

కేబుల్‌కు కుదిరింది కాబట్టి డిష్‌కూ కుదురుతుందని అనుకుంటారు. డిష్ వైరులో కరెంటు పైకి కూడా వెళుతుంది. బాక్స్ 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బీ ఒక రకం తరంగాలను, 18 వోల్టులు పంపితే ఇంకో రకం తరంగాలను అందుకుంటుంది. రెండు బాక్సులు ఒకే వైరు మీద వేర్వేరుగా అడిగితే ఎవరో ఒకరికి చానెళ్లు పోతాయి. రెండు అవుట్‌పుట్‌లున్న ఎల్‌ఎన్‌బీ పెట్టి, రెండో బాక్సుకు వేరే వైరు దించడమే సరైన పద్ధతి. వైరు కలిపేటప్పుడు, విప్పేటప్పుడు బాక్స్ ప్లగ్ తీసేయాలి. జాలీ తీగ ఒక్కటి మధ్య రాగికి తగిలినా షార్ట్ అవుతుంది.

అపోహ: 4కే టీవీ కొంటే చానెళ్లన్నీ 4కేలో వస్తాయి.

4కే తెర మీద దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. హెచ్‌డీ చానెల్ పంపేది దాదాపు 21 లక్షలు. మామూలు ఎస్‌డీ చానెల్ 720 అడ్డం 576 నిలువు, అంటే నాలుగు లక్షల పైచిలుకు. మిగతా చుక్కలను టీవీయే ఊహించి నింపుకోవాలి. అందుకే పెద్ద టీవీలో ఎస్‌డీ చానెల్ పాత టీవీలోకంటే మసకగా కనిపిస్తుంది. టీవీ మార్చమని షాపువాళ్లతో గొడవపడే ముందు ప్యాక్‌లో హెచ్‌డీ చానెల్ తీసుకుని చూడండి. బాక్సును పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరుతో కలిపి ఉంటే హెచ్‌డీ డబ్బు కడుతున్నా హెచ్‌డీ రాదు, హెచ్‌డీఎంఐ వైరే వాడాలి. ఆ వైరుకు బంగారు పూత, వేల రూపాయల ధర అక్కర్లేదు. మీటరు, రెండు మీటర్ల దూరానికి సరిగ్గా పనిచేసే మామూలు వైరు ఇచ్చే బొమ్మే ఖరీదైనదీ ఇస్తుంది.

హెచ్‌డీకి పెద్ద డిష్ కావాలన్నది కూడా నిజం కాదు. డిష్ ఎంత పెద్దది కావాలన్నది ఉపగ్రహం శక్తి, అది వాడే తరంగం మీద ఆధారపడుతుంది. 1975–76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించిన ‘సైట్’ అనే ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల పల్లెల్లో మూడు మీటర్ల వల డిష్‌లు పెట్టారు, ఆ రోజుల్లో ఆ తరంగానికి అంత డిష్ కావలసి వచ్చింది.

అపోహ: స్మార్ట్ టీవీకి డిష్, కేబుల్ ఏవీ అక్కర్లేదు.

ఇంటర్నెట్ గట్టిగా ఉంటే, యాప్‌లకు డబ్బు కడితే అక్కర్లేదు. లేదంటే అది కూడా మామూలు టీవీయే. నెలనెలా కట్టలేని ఇంటికి నేను ఫ్రీ డిష్ చెబుతాను. డిష్, బాక్స్ ఒకసారి కొంటే నెల చందా ఉండదు. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి వస్తాయి. కానీ మీరు రోజూ చూసే ప్రైవేటు తెలుగు చానెల్ అందులో ఉందో లేదో కొనేముందు అడగండి.

అపోహ: టీవీ స్విచ్ ఆపేస్తే పిడుగుల భయం లేదు.

పిడుగు మీ డిష్ మీదే పడక్కర్లేదు. దగ్గర్లో పడినా వైర్లలో ఒక్కసారిగా వోల్టేజీ పుడుతుంది. అది కరెంటు వైరులోనుంచే కాకుండా డిష్ వైరులోనుంచీ వచ్చి బాక్సును, హెచ్‌డీఎంఐ ద్వారా టీవీ పోర్టును కాలుస్తుంది. కాబట్టి ఉరుములు మొదలవ్వకముందే టీవీ ప్లగ్, బాక్స్ ప్లగ్ రెండూ తీసేయండి. డిష్ వైరు కూడా బాక్స్ వెనక నుంచి విప్పి పక్కన పెట్టండి. ఉరుములు వినిపించడం మొదలయ్యాక ఆ వైరు జోలికి వెళ్లకండి, డాబా అసలే ఎక్కకండి. డిష్ పైపుకు ఎర్తింగ్ చేయించమని బిగించే రోజే అడగండి.