డోర్ కాక్: జపాన్ లోకల్ రైలు తలుపు వెనక చరిత్ర

జపాన్ లోకల్ రైళ్లలో తలుపు దగ్గరో, సీటు కిందో ఒక చిన్న మూత ఉంటుంది. తెరిస్తే లోపల పిడి. గాలి ఒత్తిడితో నడిచే తలుపైతే, ఆ పిడి తిప్పగానే తలుపును బిగించి పట్టిన గాలి బయటికి పోతుంది. ఆపైన చేత్తో తోస్తే జరుగుతుంది. దాన్నే డోర్ కాక్ అంటారు. ఎలా తిప్పాలో చెప్పే సూచన పక్కనే, కిందికి దిగొద్దనే హెచ్చరిక కూడా ఉంటుంది. ఆ రెండూ వేర్వేరు ప్రమాదాల తర్వాత వచ్చినవి.

యుద్ధకాలంలో, 1944లో మొదలైన 63 సిరీస్ పెట్టె పొడవు 20 మీటర్లు, పక్కకు 4 తలుపులు. టోక్యో లోకల్ రైళ్లలో ఈ కొలత నేటికీ మామూలే. తక్కినదంతా కరువు సరుకు. గాజు కొరత వల్ల కిటికీని మూడు అడ్డ ముక్కలుగా చేసి, నడిమి ముక్కను కదలకుండా బిగించేశారు. లోపలి కప్పు చెక్కది.

1951 ఏప్రిల్ 24న యోకోహామాలోని సకురగిచో స్టేషన్‌లో మరమ్మతు పని జరుగుతుండగా షార్ట్ అయి కరెంటు తీగ వేలాడింది. లోపలికొస్తున్న 63 సిరీస్ రైలు పాంటోగ్రాఫ్ (పై తీగ నుంచి కరెంటు అందుకునే చట్రం) అందులో చిక్కుకుంది. 1500 వోల్టుల కరెంటు పైకప్పుకు తగిలి మంట లేచింది. ఒక సబ్‌స్టేషన్ వెంటనే ఆగినా, రెండోది కొన్ని నిమిషాలు కరెంటు ఇస్తూనే ఉంది. దూరంలో జరిగిన షార్ట్, సబ్‌స్టేషన్‌కు కొన్ని రైళ్లు ఒకేసారి లాగుతున్న కరెంటులాగే కనిపిస్తుంది మరి. తలుపులు తెరుచుకోలేదు, కిటికీలో మనిషి పట్టడు, పక్క పెట్టెలోకి దారి లేదు. కాక్ మాత్రం ఉంది. అది ఎక్కడుందో ప్రయాణికులకు చెప్పినవాళ్లు లేరు. 106 మంది చనిపోయారు. తర్వాత కిటికీలు మార్చారు, పెట్టెల మధ్య దారి వేశారు, కాక్ ఉన్నచోట బోర్డు పెట్టారు. ఆ పెట్టెలకు 73 సిరీస్ అని కొత్త పేరూ పెట్టారు.

ఆ పాఠం జనానికి బాగానే వంటబట్టింది. 1962 మే 3 రాత్రి టోక్యోలో, జోబన్ లైన్ మికవషిమ దగ్గర, ఒక గూడ్సు ఎర్ర సిగ్నల్ దాటి పట్టాలు తప్పింది. దాన్ని ప్యాసింజర్ రైలు గుద్దింది. భయపడ్డ ప్రయాణికులు కాక్ తిప్పి పట్టాల మీదికి దిగారు. సుమారు 7 నిమిషాలకు ఎదురు లైనులో మరో రైలు వారి మీదుగా దూసుకొచ్చింది. మృతులు 160 మంది. తప్పు దిగినవారిది కాదు, ఆ లైనును ఆపించాల్సిన సిబ్బందిది. హెచ్చరిక వాక్యం ఆ తర్వాతిదే. 1966 నాటికి జాతీయ రైల్వే అంతటా ఏటీఎస్ (రైలును తనంతట తానే ఆపే ఏర్పాటు) కూడా అమర్చారు: ఎర్ర సిగ్నల్ ముందు గంట మోగుతుంది, డ్రైవర్ 5 సెకన్లలో బదులివ్వకపోతే బ్రేకు పడుతుంది. బదులిచ్చి మరిచిపోతే మాత్రం తొలినాటి ఏటీఎస్ ఏమీ చేయలేదు.

2021 అక్టోబర్ 31న టోక్యోలోని కేయో లైన్ రైల్లో ఒకడు కత్తితో దాడి చేసి నిప్పు పెట్టాడు. కొకుర్యో స్టేషన్‌లో రైలు ఆగాల్సిన చోటుకు కాస్త ఇవతలే ఆగింది. సర్దేలోపు లోపల కాక్ తిప్పారు. తలుపులన్నీ మూసినట్టు తెలియకపోతే మోటార్లకు కరెంటు అందదు కాబట్టి రైలు ఇక కదల్లేదు. ప్లాట్‌ఫామ్ అంచున ఉండే గేట్లకూ రైలు తలుపులకూ పొత్తు కుదరక, జనం కిటికీల్లోంచి దూకారు. ఇలాంటప్పుడు చోటు తప్పినా సరే, రైలు తలుపులు, ప్లాట్‌ఫామ్ గేట్లు రెండూ తెరవాలని రవాణా మంత్రిత్వ శాఖ తేల్చింది. ఆ గేట్లకూ పట్టాల వైపు నుంచి చేత్తో తెరిచే పిడి ఉంటుంది. ప్రయాణికులు ఇప్పుడు తెలుసుకోవాల్సిన పిడులు రెండు.